ఇరుసు కందెన నుండి ఇంజను నూనె దాకా

కందెన అన్న మాట నేటి పిల్లలలో చాలమందికి తెలియదు. వారి తాతలకు బాగుగా తెలుసును. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి, చిక్కగా మెదిపి, బండి ఇరుసుకు పూసే జిడ్డు పదార్థమునకే కందెన అని పేరు. దూరప్రయాణము పెట్టుకొన్న రైతు ఎడ్లకు మేత వేయుట ఎట్లు మరువడో, కడచీల ఊడదీసి, చక్రమును కొంచెము జరిపి, ఇరుసుకు కందెన పూయుటయు అట్లే మరువడు. మార్గమధ్యమున అవసరము పడునని వెదురుగొట్టములో మరికొంత నింపి బండి కింద వేలాడగట్టుకొనేవాడు. ఇరుసుకు కందెన లేకున్న ఈశ్వరుని బండియైనను కదలదని సుమతీ శతకకారుడు చెప్పినాడు. అయితే ఆయన ఆ మాట చెప్పినది బండ్లను గురించి కాదు. గ్రామకరణమును మంచి చేసుకొనవలసిన అవసరమును గురించి. ఉపమానము అంత తేలికగా ఆయన నోటికి వచ్చినదంటే, ఆనాటి శ్రోతలలో ఇరుసు సంగతి ఎరుగనివాడు లేడని మనము గ్రహింపవచ్చును.

ఎడ్లబండికి ఒక సుగుణము ఉన్నది. కందెన ఎండిపోగానే అది కీచుమని మొరపెట్టుకొంటుంది. ఎన్ని కోసులకు ఒకమారు పూయవలెనన్న ప్రశ్న రైతుకు పుట్టనే లేదు, చక్రమే చెప్పేది. నేటి మోటారు కారు అట్లు చెప్పదు. లోపల నూనె చెడినను చాల దినముల వరకు అది నిశ్శబ్దముగానే నడుస్తుంది. శబ్దము వినవచ్చే నాటికి బేరింగులు అరిగి ఉంటవి. కనుకనే, కొత్త కారు కొన్న ప్రతి గృహస్థుడును ఎవరినో ఒకరిని అడుగవలసి వస్తున్నది: ఇంజను నూనె ఎన్నాళ్ళకు ఒకమారు మార్చవలెను? మెకానిక్కు ఒక సంఖ్య చెబుతాడు. కంపెనీవారు ఇచ్చిన పుస్తకములో మరొక సంఖ్య ఉంటుంది. బంధువు ఒకాయన మూడవ సంఖ్య చెబుతాడు. ఈ మూడు సంఖ్యలును మూడు వేర్వేరు కాలములకు చెందినవి. ఆ కాలముల చరిత్ర తెలిసినచో ఏ సంఖ్యను నమ్మవలెనో తేల్చుకొనుట కష్టము కాదు.

ఈ చరిత్రను పాలకుర్తి నుండి ఆరంభించుటకు కారణము ఉన్నది. పాలకుర్తి అనగానే మనకు పాల్కురికి సోమనాథుడు స్ఫురిస్తాడు. పక్కనే బమ్మెర, అది పోతన పేరుతో ముడివడిన ఊరు. కొండమీది సోమేశ్వర, లక్ష్మీనరసింహుల దర్శనమునకు శివరాత్రినాడు జనము బండ్లు కట్టుకొని వచ్చేవారు. నేడు పాలకుర్తి జనగామ జిల్లాలో ఉన్నది. 2016 అక్టోబరుకు పూర్వము వరంగల్లు జిల్లాలో ఉండేది. నిజాం పాలనా కాలములో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఈ చివరి సంగతి మన విషయమునకు చాల ముఖ్యము. ఏమనగా, నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెల్కనేలలు ఆముదపు పంటకు పెట్టినది పేరు. వాన తక్కువైనను, నేల పేదదైనను, ఎరువు లేకున్నను ఆముదపు చెట్టు నిలబడుతుంది. స్వాతంత్ర్యమునకు పూర్వము భారతదేశములో ఆముదము పండించే ప్రాంతములలో హైదరాబాదు సంస్థానమునకే అగ్రస్థానము.

గింజలను వేయించి, దంచి, నీటిలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసే పద్ధతి ఇంటింటను ఉండేది. ఆ నూనెయే దీపమునకు, తలకు, బిడ్డ కడుపునకు, బండి ఇరుసుకు. ఒకే కుండలోని నూనె దేవుని ముందరను వెలిగేది, చక్రములోను నలిగేది. ఆ బండి సుఖములన్నియు రైతువే అనుకొనరాదు. దేశముఖులకును, దౌరా వచ్చిన అధికారులకును బండ్లు కట్టి పంపుట వెట్టిలో ఒక భాగము. బండి రైతుది, ఎడ్లు రైతువి, కందెన కూడ రైతుదే. కిరాయి మాత్రము ఉండదు. చాకలి ఐలమ్మ తన పొలము కోసము, పండిన గింజల కోసము విసునూరు దేశముఖుకు ఎదురు నిలిచినది ఈ పాలకుర్తిలోనే. ఆ కథ ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. ఇక్కడ దానిని తాకి విడుస్తున్నాను.

ఇరుసుకు పూసే ఈ నూనె ఊరు దాటి ప్రపంచములోనికి పోవుటకు దారి చూపినది రైలు. సికిందరాబాదు నుండి జనగామ మీదుగా పోయే ఇనుపదారి 1886లో ఓరుగల్లును, 1889లో బెజవాడను చేరినది. సంస్థానపు నూనెగింజలు రేవులకు తరలుటకు ఈ రైళ్ళు తోడ్పడినవి. అంతేకాదు, మన దేశపు రైళ్ళే ఆముదమును తాగినవి. రైలుపెట్టెల చక్రముల కొసలయందు ఉండే ఇరుసుపెట్టెలలో నూనెలో తడిపిన నూలుపీచును కూరేవారు. ఇరుసు తిరిగినప్పుడెల్ల ఆ పీచు నూనెను అందిస్తుండేది. పీచు ఎండినచో ఇరుసు కాలి, పొగలు లేచి, బండి నిలిచిపోయేది. ఎడ్లబండి కీచుమంటే రైలుబండి పొగ కక్కేది. రెండును తమ ఆకలిని దాచుకొనలేదు.

ఆముదము గొప్పతనము ఆకాశములో బయటపడినది. 1914లో ఐరోపాలో మహాయుద్ధము మొదలైనప్పుడు అనేక విమానములకు నోమ్, లె రోన్ అనే పేర్లుగల రోటరీ ఇంజనులు ఉండేవి. వీటిలో ఇరుసు స్థిరముగా ఉండి సిలిండర్లన్నియు ఫంకాతోపాటు గిరగిర తిరిగేవి. పెట్రోలును గాలియు కలిసిన ఆవిరి క్రాంకుపెట్టె గుండానే సిలిండర్లకు పోయేది. మామూలు ఖనిజతైలమును అందులో పోస్తే పెట్రోలు దానిని కరిగించి కడిగివేసేది. ఆముదము పెట్రోలులో సులభముగా కరుగదు. లోహమును గట్టిగా అంటిపెట్టుకొంటుంది. దీనికి కారణము దానిలో నూటికి తొంబది పాళ్ళకు దగ్గరగా ఉండే రిసినోలిక్ ఆమ్లము. దాని అణువునకు ఒక పక్కన ఉండే ఆక్సిజను, హైడ్రోజనుల జంట ఇనుమును చేతితో పట్టుకొన్నట్లు పట్టుకొంటుంది.

ఆ ఇంజనులలో నూనె మార్చుట అనే పనియే లేదు. లోపలికి పోయిన ఆముదము పొగతోపాటు బయటికి చిమ్మబడేది. అయిపోయినంత మేర మరల పోసేవారు. ఆ తుంపరలు వైమానికుల ముఖము మీద పడేవి, ఊపిరితో లోపలికి పోయేవి. ఆముదము కడుపులోనికి పోతే ఏమగునో మన గృహిణులకు నేను చెప్పనక్కరలేదు. ఆనాటి వైమానికులు ఆ బాధను గురించి నవ్వుతూనే చెప్పుకొనేవారు. విమానములు పెరిగినకొలది ఆముదమునకు గిరాకి ఎంత పెరిగినదంటే, 1918లో అమెరికా ప్రభుత్వము తన దక్షిణ రాష్ట్రములలో రైతులచేత పట్టుబట్టి ఆముదపు చేలు వేయించినది. మన మెట్టచేలలో చూచువాడు లేక పెరిగే చెట్టునకు అక్కడ సైనికావశ్యకత అన్న గౌరవము దక్కినది.

యుద్ధమునకు కొంచెము ముందే ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే వ్యాపారి ఈ నూనె విలువను గుర్తించినాడు. 1899లో ఆయన తన కంపెనీని స్థాపించినాడు. మోటారులకు, విమానములకు సరిపడునట్లు ఆముదమును కలిపి తయారుచేసిన నూనెకు 1909లో క్యాస్ట్రాల్ అని పేరు పెట్టినాడు. ఆముదమునకు ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అని పేరు; దానినుండే ఆ ముద్ర పుట్టినది. నేడు మన ఊరి అంగళ్ళలో ఎర్ర ఆకుపచ్చ డబ్బాల మీద కనిపించే ఆ పేరులో మన ఆముదపు గింజ దాగి ఉన్నదని కొనువారిలో ఎందరికి తెలియును?

అయితే ఆముదమునకు ఒక దోషము ఉన్నది. వేడికిని, గాలికిని అది బంకగా మారుతుంది. రోటరీ ఇంజనులను కొన్ని పదుల గంటలకే విప్పి శుభ్రపరచవలసి వచ్చేది. నేలమీద నడిచే కారునకు అట్టి సేవ సాధ్యము కాదు. అందుచేత భూగర్భమునుండి తీసిన తైలము మెల్లగా రంగమును ఆక్రమించినది. 1859లో అమెరికాలో డ్రేక్ బావి పడిన పిమ్మట ఏడేండ్లకు, 1866లో, జాన్ ఎల్లిస్ అనే వైద్యుడు ఆ తైలమునుండి యంత్రములకు పనికివచ్చే కందెన నూనెను తీసి అమ్మసాగినాడు. మన దేశములో డిగ్బోయిలో 1889లో తైలము పడినది. 1901లో అక్కడ శుద్ధి కర్మాగారము వెలసినది. తెలుగు తీరమున విశాఖపట్టణములో కాల్టెక్సు కర్మాగారము 1957లో పని ఆరంభించినది. అది తరువాత ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియములో కలిసినది.

ఇక మన ప్రాంతమునకు మోటారు వచ్చిన తీరు వేడుకైనది. ఆరవ నిజాము మహబూబు అలీఖాను 1911లో రోల్స్ రాయిస్ కంపెనీకి సింహాసనము వంటి ఆసనము గల ఒక కారును చేయవలెనని ఆజ్ఞ ఇచ్చినాడు. అది చేతికి రాకముందే ఆయన కాలధర్మము చెందినాడు. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాను దానిని ఉత్సవములలో మాత్రమే వాడేవాడు. చౌమహల్లా ప్రాసాదములో నేటికిని ఉన్న ఆ పసుపువన్నె బండి దశాబ్దముల తరబడి తిరిగినదంతయు కలిపి 356 మైళ్ళే అని ప్రసిద్ధి. పాలకుర్తి నుండి హైదరాబాదునకు రెండు మూడు మారులు పోయి వచ్చినంత దూరము! మైళ్ళ లెక్కనే నమ్మినవాడు ఆ కారునకు ఒకమారు నూనె మార్చినను ఎక్కువే అంటాడు. కాని నూనె మైళ్ళతోనే ముసలిది కాదు. నిలిచి ఉండి కూడ ముసలిది అవుతుంది. ఈ మాటకు మరల వస్తాను.

సామాన్యునికి మోటారు అందినది రాజప్రాసాదము నుండి కాదు, రైల్వేవారి నుండి. 1932 జూనులో నిజాం స్టేటు రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించినది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులో భద్రపరచబడి ఉన్నది. నూనె చరిత్రకు ఈ శాఖ ముఖ్యమైనది. బండికి ఎన్ని మైళ్ళు నడిచినదో రాసిపెట్టి, లెక్క ప్రకారము డిపోలో గుంటమీద నిలిపి నూనె దించే అలవాటు మన జనమునకు ఇట్టి డిపోల ద్వారానే ఎరుక అయినది. బస్సుల డిపోలో పని నేర్చినవారు అనేకులు తరువాత తాలూకా పట్టణములలో సొంత షెడ్లు పెట్టుకొన్నారు. వారి శిష్యులు, ఆ శిష్యుల శిష్యులు నేడు మన కార్లను చూస్తున్నారు. విద్యతోపాటు సంఖ్యలు కూడ గురువునుండి శిష్యునికి సంక్రమించినవి.

ఆ సంఖ్యలు ఏవి? ఫోర్డు కంపెనీ 1908లో బయటికి తెచ్చిన టి నమూనా కారు అప్పటి ప్రపంచములో సర్వసామాన్యమైన బండి. కొత్తలో నాలుగు వందల మైళ్ళ లోపలను, పిమ్మట సుమారు 750 మైళ్ళకు ఒకమారును నూనె దించవలెనని దానితో వచ్చిన పుస్తకము చెప్పేది. అంటే రమారమి 1,200 కిలోమీటర్లు. ఇంత తొందర ఎందుకు? ఆ కారునకు నూనెను నెట్టే పంపు లేదు. తిరిగే భాగములు నూనెను చిమ్మగా చిమ్మగా అదే అంతటను పడేది. నూనెను వడకట్టే ఏర్పాటు లేదు. బాటలన్నియు దుమ్ము. ఆ దుమ్ము లోపలికి పోయి నూనెతో కలిసి సానరాయి అయ్యేది. చలి ఉదయములలో కాలని పెట్రోలు సిలిండరు గోడల వెంట జారి నూనెను పలుచన చేసేది. అట్టి స్థితిలో 750 మైళ్ళే ఎక్కువ అనవచ్చును.

1923లో అమెరికాలో ఎర్నెస్టు స్వీట్‌లండ్, జార్జి గ్రీన్‌హాల్గ్ అనే ఇద్దరు నూనెను వడగట్టే పరికరమునకు రూపము ఇచ్చినారు. దానికి ప్యూరొలేటర్ అని పేరు పెట్టినారు. ఇంగ్లీషులో తరువాత శుభ్రమైన నూనె అని అర్థము వచ్చే మూడు మాటలను అతికి చేసిన పేరు అది. ఈ చిన్న డబ్బా నూనె ఆయుష్షును పెంచినది. గాలిని వడగట్టే పరికరము దుమ్మును ఆపినది. తారురోడ్లు మరికొంత మేలు చేసినవి. ఇట్లు సంఖ్య 750 నుండి వేయికి, వేయి నుండి రెండు మూడు వేల మైళ్ళకు పెరిగినది. మూడు వేల మైళ్ళు అంటే 4,800 కిలోమీటర్లు. మన మెకానిక్కు నోట నేటికిని వినవచ్చే అయిదు వేల కిలోమీటర్ల మాటకు ఇది ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. హిందుస్థాన్ మోటార్సువారి అంబాసిడర్ కారు 1957 నుండి దేశమంతటను తిరిగిన కాలములో ఈ మాట సత్యమే. ఆ సత్యము ఆ ఇంజనునకు, ఆ నూనెకు, ఆ పెట్రోలునకు చెందినది.

నూనెయే మారిపోయిన సంగతి చెప్పుకొనవలెను. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము 1911లో నూనెలను చిక్కదనమును బట్టి వర్గములుగా విభజించినది. డబ్బాల మీద ఎస్.ఏ.ఇ. అన్న అక్షరములు ఆ సంఘమువే. పూర్వము వేసవికి ఒక నూనె, చలికాలమునకు మరొక నూనె పోసేవారు. చల్లగా ఉన్నప్పుడు మరీ చిక్కబడక, వేడెక్కినప్పుడు మరీ పలుచబడక ఉండే నూనెలు 1950 ప్రాంతమున వచ్చినవి. చలికి చుట్టుకొని వేడికి విప్పుకొనే పొడుగైన అణువులను అందులో కలుపుతారు. 5డబ్ల్యు-30 అని డబ్బా మీద ఉన్నచో, మొదటి అంకె చలిలోని నడవడిని, రెండవది వేడిలోని నడవడిని చెబుతుంది. డబ్ల్యు అన్నది ఇంగ్లీషులో చలికాలమునకు తొలి అక్షరము.

ఇంతకంటె గొప్ప మార్పు, నూనెలో సబ్బువంటి ద్రవ్యములను కలుపుట. 1930ల నాటి డీజిలు ఇంజనులలో మసి గడ్డకట్టి పిస్టను రింగులు ఇరుక్కుపోయేవి. దానికి మందుగా ఈ ద్రవ్యములు వచ్చినవి. అవి మసిని గోడలనుండి కడిగి, గడ్డకట్టకుండ నూనెలోనే తేలియాడజేస్తవి. అందుచేతనే మంచి నూనె త్వరగా నల్లబడుతుంది. నూనె కొలత కడ్డీని తీసి, వేలికి రాసుకొని, నల్లగా ఉన్నదని పెదవి విరిచే అలవాటు మనలో చాలమందికి ఉన్నది. బట్టలు ఉతికిన నీరు మురికిగా ఉంటే చాకలి చెడ్డవాడని అంటామా? రంగును చూచి నూనె అయిపోయినదని తీర్పు చెప్పరాదు. ఈ సబ్బులతోపాటు, మండిన పెట్రోలునుండి పుట్టే ఆమ్లములను విరిచే క్షారపదార్థములు కూడ నూనెలో ఉంటవి. నూనె నిజమైన ఆయుష్షు ఈ క్షారము మిగిలి ఉన్నంత కాలము. అది కంటికి కనిపించదు.

ఆ క్షారము ఎంత వేగముగా ఖర్చగునన్నది మనము పోసే ఇంధనమును బట్టి ఉంటుంది. ఇక్కడనే మన దేశములో ఇటీవల జరిగిన నిశ్శబ్ద విప్లవము ఉన్నది. ఒకనాడు మన డీజిలులో గంధకము నూటికి ఒక పాలు దాకా ఉండేది. గంధకము మండితే గంధకామ్లము పుడుతుంది; దానిని విరుచుటకే నూనెలోని క్షారమంతయు సరిపోయేది. 2000 ఫిబ్రవరిలో పెట్రోలునుండి సీసము దేశమంతటను తొలగింపబడినది. 2017 ఏప్రిలునుండి అమలైన భారత్ స్టేజి నాలుగు ఇంధనములో గంధకము పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళు మాత్రమే. 2020 ఏప్రిలునుండి స్టేజి ఆరు. ఇందులో 10 పాళ్ళే. అనగా పాత డీజిలులోని గంధకమును వేయి భాగములు చేస్తే నేడు మిగిలినది ఒక భాగము. దీనికితోడు 1983 డిసెంబరులో వచ్చిన మారుతి మొదలుకొని ఇంజనుల తయారీలో సున్నితత్వము పెరిగినది. కార్బురేటరు పోయి కంప్యూటరు లెక్కకట్టి పెట్రోలును చిమ్మే పద్ధతి వచ్చినది. కాలని పెట్రోలు నూనెలోనికి జారుట తగ్గినది.

ఈ కారణములన్నియు కలిసి మన దేశములో నేడు అమ్ముడగు పెట్రోలు కార్లలో పెక్కింటికి 10,000 కిలోమీటర్లు లేక పన్నెండు నెలలు, ఏది ముందు వచ్చిన అది, అన్న నియమమును తయారీదార్లు పెట్టినారు. కొన్ని కార్లకు ఇంతకు మించి 15,000 వరకు ఉన్నది. కొత్త కారు గలవారు మొదట తమ కారు పుస్తకములోని పట్టికను చూడవలెను. అందులోని సంఖ్య ఆ ఇంజనును పరీక్షాశాలలో వేల గంటలు నడిపి చూచినవారు ఇచ్చినది. అంబాసిడరు నాటి సంఖ్యకు దాని ముందు నిలిచే హక్కు లేదు.

అయితే అదే పుస్తకములో చిన్న అక్షరములతో మరొక మాట ఉంటుంది. కఠిన పరిస్థితులలో నడిపేవారు ఇంతకంటె ముందుగా, తరచుగా సగము దూరమునకే, మార్చవలెనని. కఠినమంటే కొండలెక్కుటయే అనుకొంటారు జనము. ఇంజనునకు అన్నిటికంటె కఠినమైనది చిన్న ప్రయాణము. ఇందులో పాలకుర్తివంటి ఊళ్ళవారికి ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. ఇద్దరు గృహస్థులను ఊహించుకొందము. ఒకాయన వారమునకు ఒకమారు జనగామ చేరి, జాతీయ రహదారి మీద హైదరాబాదునకు పోయి వస్తాడు. ఇంజను చక్కగా వేడెక్కుతుంది. నూనెలో చేరిన నీటి ఆవిరి, పెట్రోలు ఆవిరి ఎగిరిపోతవి. ఆయనకు పదివేలు నిక్షేపముగా సరిపోవును. రెండవ ఆయన ప్రతిదినము ఇంటినుండి అంగడికి, అంగడినుండి పొలమునకు, రెండేసి మూడేసి కిలోమీటర్లు పోతాడు. ఏడాదికి మీటరు మూడు వేలు కూడ చూపదు. నా కారు తిరగనే లేదు, నూనె ఎందుకు మార్చవలెనని ఆయన వాదము. కాని ఆ ఇంజను ఏనాడును సరిగా వేడెక్కలేదు. నీరును, పెట్రోలును నూనెలోనే నిలిచినవి. నిజాము కారు సంగతిని ఇందాక చెప్పినది ఇందుకే. రెండవ ఆయనకు సంవత్సరము గడిచినదే లెక్క. ఆరు నెలలకు మార్చినను వృథా కాదు. మెట్టదారులలో ట్రాక్టర్ల వెనుక దుమ్ములో నడిపేవారును, ఎండలో ఇంజను ఆపకుండ గంటల తరబడి నిలిపేవారును, బరువు లాగేవారును ఈ రెండవ వర్గములోనివారే.

స్టేజి ఆరు డీజిలు కార్లు గలవారికి ఒక హెచ్చరిక ప్రత్యేకముగా అవసరము. ఆ కార్ల పొగగొట్టములో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉన్నది. అది నిండినప్పుడు కారు తనంతట తాను అధికముగా డీజిలును పంపి ఆ మసిని కాల్చివేస్తుంది. ఈ పని జరుగుటకు కొంత దూరము నిలకడగా నడువవలెను. చిన్న ప్రయాణములలో పని మధ్యలో ఆగి, ఆ డీజిలులో కొంత నూనెలోనికి దిగుతుంది. నూనె తగ్గుటకు బదులు పెరుగుతుంది! కొలత కడ్డీ మీద మట్టము పై గీతను దాటినచో సంతోషింపక వెంటనే మార్పించవలెను. ఈ కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేకమైన నూనెయే పోయవలెను. మామూలు నూనె ఆ జల్లెడను పూడ్చివేస్తుంది.

చిక్కటి నూనె మంచిదన్న నమ్మకము కూడ పాతదే. కొత్త ఇంజనులలో సందులు సన్నవి. వాటికి 0డబ్ల్యు-20, కొన్నిటికి 0డబ్ల్యు-16 వంటి పలుచని నూనెలను నిర్దేశిస్తున్నారు. మన ఎండలకు ఇది ఆగదని చెప్పి చిక్కటి నూనె పోసే మెకానిక్కు సదుద్దేశముతోనే చెబుతుండవచ్చును. పుస్తకము ఒప్పుకొంటే సరే. లేనిచో వద్దనుట మేలు. నూనెతోపాటు వడపోత డబ్బాను కూడ మార్పించవలెను. స్నానము చేసి మాసిన బట్ట కట్టుకొన్నట్లు కాకూడదు కదా.

తొందరగా మార్చితే నష్టమేమి, ఇంజనుకు మేలే కదా అనువారు ఉన్నారు. చిన్న కారుకు ఒక పర్యాయమునకు మూడున్నర లీటర్ల నూనె పట్టుననుకొందము. లక్ష కిలోమీటర్లలో పదివేలకు ఒకమారు అయితే పది మార్లు, అయిదువేలకు ఒకమారు అయితే ఇరువది మార్లు. అదనముగా పోసినది 35 లీటర్లు. దాని వెల ఇంటి యజమాని లెక్క వేసుకొనగలడు. దించిన నూనె ఎక్కడికి పోవుననునది ఊరు లెక్క వేసుకొనవలసిన సంగతి. వాడిన నూనెలో లోహపు రజను, విషపదార్థములు చేరి ఉంటవి. షెడ్డు వెనుక కాలువలో పోస్తే అది వానకు చెరువు చేరుతుంది. నీటిమీద సన్నని పొరయై పరచుకొని గాలి లోపలికి పోనీయదు. కాకతీయుల నాటినుండి చెరువుల మీద బ్రతికిన ప్రాంతము ఇది. ఆముదపు కందెన నేలమీద రాలితే మట్టిలో కలిసిపోయేది. ఈ నూనె అట్లు కాదు. దీనిని మరల శుద్ధిచేసి కొత్త నూనెవలె వాడుకొనవచ్చును. తాము అమ్మిన నూనెలో కొంత భాగమును తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను తయారీదార్ల మీదనే పెట్టే నియమములను కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రకటించినది. అవి 2024 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చినవి. మీ పాత నూనె ఎవరికి ఇస్తున్నారని షెడ్డువానిని ఒక మాట అడుగుట యజమానికి తగిన పనియే.

ఇరువదియేడు ఆల్బియన్ బస్సులతో మొదలైన ఆ రవాణా శాఖ 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అయినది. దాని తెలంగాణ భాగము నేడు వేరుగా నడుస్తున్నది. 2019 నుండి హైదరాబాదులో ఆ సంస్థ విద్యుత్తు బస్సులు కూడ తిరుగుతున్నవి. వాటికి ఇంజను లేదు. కనుక ఇంజను నూనెయు లేదు, మార్చుటయు లేదు. అయినను వాటికి చక్రములు ఉన్నవి, చక్రములకు బేరింగులు ఉన్నవి. ఆ బేరింగులలో కూరే గ్రీజులలో ప్రపంచమంతటను ఎక్కువగా వాడేది లిథియం గ్రీజు. దానిని చిక్కబరచే సబ్బును 12-హైడ్రాక్సీ స్టియరిక్ ఆమ్లముతో చేస్తారు. ఆ ఆమ్లమును తీసేది ఆముదము నుండి. ఆముదపు సేద్యములో గుజరాతు మనలను ఎన్నడో మించిపోయినది గాని, పాలమూరు, నల్లగొండ చెల్కలలో ఆ చెట్టు ఇంకను కనిపిస్తుంది.